మెడ తిప్పకుండా ట్రాలీని వెనక్కి తోలిన మామ

పాన్‌గల్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పొద్దుగాల పోయిండు బిడ్డా" అని ఏడ్చింది. ఆయన మా అమ్మకు ఒక్కడే తమ్ముడు.

ట్రాక్టర్ ట్రాలీని వెనక్కి తోలడం మీరెప్పుడైనా చూశారా? అందులో మామకు చుట్టుపక్కల పేరు. "దానికి ఎదురు జెప్పాలె బిడ్డా. కుడికి రావాలంటె ఎడమకు తిప్పాలె. అచ్చం మీ అత్త తీరే" అనేవాడు. "నేను గట్ల పోబట్టే ఇల్లు గోడకు తాకలే" అని అత్త లోపలి నుంచే అంటించేది.

అలాంటి మనిషి ఒకసారి గడ్డివాము మీది నుంచి పడ్డాడు. నొప్పి తగ్గింది గానీ మెడ ఇక వెనక్కి తిరగలేదు. ట్రాలీ ఎవరి మీదికి ఎక్కుతుందోనని అత్తకు భయం. బండి అమ్మేద్దామని నాగర్‌కర్నూల్ బేరగాడికి కబురు పంపింది. ఆ రోజు నుంచి మామ అన్నం కూడా ట్రాక్టర్ దగ్గరే కూర్చుని తినేవాడు.

సెలవులకు వెళ్లిన నేను, కార్లకు వెనక కెమెరా పెడతారని చెప్పాను. మామ హైదరాబాద్ నుంచి ఒకటి తెప్పించాడు. ట్రాలీ వెనక కెమెరా, స్టీరింగ్ పక్కన అరచేయంత తెర, నడుమ వైరు. దున్నడానికి పోతూ ట్రాలీ విప్పేందుకు మామ దాన్ని ఇంజన్‌కు కలిపే పిన్ను గుంజాడు, వైరు మరిచి ఇంజన్ ముందుకు ఉరికించాడు. పుటుక్కున తెగింది. అతికిస్తే, మళ్లీ అదే కథ.

"పిన్ను గుంజుడే అలవాటు. వైరు యాదికుండది. సెల్లుల మాట వైరు లేకుండనే వస్తుంది గద, బొమ్మ రాదా?" అన్నాడు.

వస్తుందని తెలుసుకున్నాం. బొమ్మను గాలిలో పంపే పెట్టె ట్రాలీకి, అందుకునేది తెరకు. కరెంటుకు పాత మోటార్‌సైకిల్ బ్యాటరీ. వానకు తడుస్తుందని మామ ఆ పెట్టెను కూడా బ్యాటరీతో పాటు ఇనుప డబ్బాలో పెట్టి మూశాడు. తెర నిండా చుక్కలే.

"మబ్బు గిట్ల పట్టిందా ఏంది?" అన్నాడు మామ.

ఇనుము అడ్డమని అర్థమై ఏరియల్ బయటికి తీశాం. తెర మీద మా కోడి కనిపించింది. మామ అరిచిన అరుపుకు కోడి పారిపోయింది. అదీ కనిపించింది!

బేరగాడు వచ్చాడు. "జర కూసో అన్నా" అని మామ పల్లికాయ బస్తాల ట్రాలీని గోదాం వాకిట్లోకి వెనక్కి తోలాడు. వాకిలి స్తంభాలకు అటు జానెడు, ఇటు జానెడు సందు. మెడ కదలలేదు. కళ్లు తెర మీద ఉన్నాయి, చేతులు ట్రాలీకి ఎదురు చెబుతున్నాయి. స్తంభం సున్నం కూడా రాలలేదు.

బేరగాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇది అమ్మే బండి గాదక్కా."

"అమ్ముతమని ఎవరన్నరు?" అంది అత్త.

నేను పగలబడి నవ్వాను. చివరిదాకా మామ ఆ బండి తోలాడు. ఓటమిని ఒప్పుకోని మనిషి పక్కన కొన్నాళ్లు నిలబడగలిగాను, అది నా అదృష్టం.

బేరగాడు వచ్చిపోయిన ఆ సాయంత్రం ఖాళీ ట్రాలీతో ఆయన చేనికి బయలుదేరాడు. అత్త వాకిట్లో నిలబడి చెయ్యి ఊపింది. మామ తెరలో చూసుకుని, వెనక్కి తిరగకుండానే చెయ్యి పైకెత్తాడు. దారి మలుపు తిరిగేదాకా దించలేదు.