కాక చేతి ఇమామ్ జామిన్

ఆముదం కాలిన వాసన తగిలితే ఇప్పటికీ నాకు మా కాక గుర్తొస్తాడు. మా నాన్న తమ్ముడు యాదగిరి కాక తన రేసు కారు ఇంజన్‌లో ఆయిలుకు బదులు ఆముదమే పోసేవాడు. మేముండే కార్వాన్ గల్లీలో ఆ కారు మోగితే బర్రెలు తాళ్ళు తెంపుకునేవి.

కాక మద్రాసు రేసుకు బయలుదేరే రోజు మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ ఆయన దండచేతికి ఇమామ్ జామిన్ కట్టింది. అంటే ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన రూపాయి. మనిషి క్షేమంగా తిరిగొచ్చాక విప్పి దానమివ్వాలి.

"ఇది చేతికున్నంత సేపు ఫికర్ నక్కో బేటా," దిగులు పడొద్దంది ఖాలా.

మధ్యాహ్నం కాక కునుకు తీస్తుంటే, లోపల ఏముందో చూద్దామని ముడి విప్పాను. మళ్ళీ కట్టాను గానీ, నా ముడి సంగతి నాకు తెలియనిదా! కాక కారును లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాక చూస్తే, గుడ్డ ఆయన పడుకున్న చాప మీదే ఉంది.

నాలుగు రోజులు అన్నం దిగలేదు. తలుపు చప్పుడైతే చాలు, టెలిగ్రాం వచ్చిందని మంచం కింద దూరేవాణ్ణి. కాకను చంపేశానని, ఆయన బతికుండగానే తీర్మానించుకున్నాను.

ఐదో రోజు కాక నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. ముడి విప్పింది నేనేనని ఏడుస్తూ గుడ్డ ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వారా విప్పింది! కారెక్కినంక చూస్తే చేతికి లేదు. మస్తు భయమైంది. మలుపు మలుపుకు బ్రేక్ కొట్టిన. అందరికంటే ఎనక వచ్చిన!"

కొడతాడనుకున్నాను. నన్ను దగ్గరికి లాక్కున్నాడు.  అంతవరకూ మా ఇంటిల్లిపాదిలో పిరికివాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.