గ్రహణం నాటి వంకాయలు

మా చిన్నప్పుడు... నాందేడ్‌లో మా ఇంట్లో గ్రహణం పట్టిందో లేదో చెప్పేది రోకలి. నాయనమ్మ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టేది. నిలబడితే గ్రహణం పట్టినట్టు... పడిపోతే విడిచినట్టు. అంతదాకా పొయ్యి వెలగదు, గుక్కెడు నీళ్లు తాగకూడదు, కత్తిపీట ముట్టకూడదు. ఊరగాయ జాడీల మీద దర్భలు... కడుపుతో ఉన్నవాళ్లయితే చీకటి గదిలో వెల్లకిలా, కదలకుండా పడుకోవాలి.

ఈ ముచ్చట ఊరికే చెప్పడం లేదు. నేను చీలిన పై పెదవితో పుట్టాను. మన దగ్గర దాని పేరే గ్రహణం మొర్రి. పెద్దాసుపత్రిలో నా పెదవికి కుట్టు వేశారు గానీ, గల్లీలో నోళ్లకు ఎవరు వేస్తారు...

ఇంటికి ఎవరొచ్చినా నాయనమ్మ నా గడ్డం పట్టుకొని చూపించేది. "ఇది కడుపుల ఉన్నప్పుడు దీని తల్లి గ్రహణం పూట వంకాయలు కోసింది. వద్దంటే ఇన్నదా?"

అమ్మ అక్కడే ఉండేది. చాయ్ గిన్నె తీసుకొని లోపలికి పోయేది. నేనూ ఆ మాట నమ్మాను... ఆ వంకాయలు మర్నాడు కోసుకుంటే ఏం పోయేది అని లోలోపల అనుకునేదాన్ని.

మాది మరాఠీ బడి. టీచరమ్మను అక్కడ బాయి అంటారు. బడిలో ఒక గ్లోబు ఉండేది... బీరువాలో, తాళం వేసి. ఇన్‌స్పెక్షన్ సాయెబు వచ్చిన రోజే దానికి గాలీ వెలుతురూ. పిల్లలు ముట్టుకుంటే దేశాలు చెరిగిపోతాయని హెడ్మాస్టరు భయం. మా భూగోళం బాయి అడిగి అడిగి విసిగిపోయింది. ఒకరోజు ఇంటి నుంచి కందిలి, కొబ్బరికాయ, నిమ్మకాయ తెచ్చింది.

కిటికీలకు గోనెసంచులు కట్టి కందిలి వెలిగించింది. అది సూర్యుడు. కొబ్బరికాయ భూమి. నిమ్మకాయ చంద్రుడు. దారం కట్టిన నిమ్మకాయను రెండింటి మధ్యకు తెచ్చేసరికి కొబ్బరికాయ మీద నల్లటి నీడ... గ్రహణమంటే ఇదే అంది. ఇంతేనా అనిపించింది నాకు.

లేచి నిలబడి అడిగాను. "బాయి, ఈ నీడ కడుపులో ఉన్న పిల్ల పెదవి కోస్తుందా?"

తరగతంతా నా మూతి వైపు తిరిగింది. బాయి నవ్వలేదు. నన్ను ముందుకు పిలిచి, నీడ పడ్డచోట వేలు పెట్టమంది. "తెగిందా?" అని అడిగింది. లేదన్నాను.

"సావలీ కాపత్ నాహీ, పోరీ," అంది. నీడ కోయదు, పిల్లా... అని. పెదవి అట్లా ఎందుకు చీలుతుందో డాక్టర్లకే ఇంకా పూర్తిగా తెలియదు, మీ అమ్మ కత్తిపీటకు మాత్రం ఏ సంబంధమూ లేదు అని కూడా చెప్పింది.

కొద్ది రోజుల్లో గ్రహణం ఉంది. మా అందరితో అట్టముక్కకు సూదితో బొక్క పొడిపించింది. నా అట్ట మా బాపు, అంటే నాన్న, కిరాణా దుకాణంలోని సబ్బుల పెట్టెది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి, బొక్కలోంచి వచ్చే వెలుగును తెల్లకాగితం మీద పట్టాలి, పైకి మాత్రం చూడొద్దు... చెప్పిందే చెప్పింది.

గ్రహణం ముందు రోజు, ఎవరూ లేనప్పుడు, రోకలి నిలబెట్టి చూశాను. బుద్ధిగా నిలబడింది. అడుగున చదునైన ఇనుప పొన్ను ఉంటే నిలబడక ఏం చేస్తుంది...

ఎనభైలో, ఫిబ్రవరి మధ్యాహ్నం. గల్లీలో కుక్క తప్ప మనిషి లేడు. లోపలి గదిలో మా చిన్నమ్మ, అంటే మా బాబాయి భార్య, నిండు కడుపుతో చాప మీద పడుకొని ఉంది. నాయనమ్మ రోకలి నిలబెట్టి, పట్టింది అంది. తర్వాత నన్ను చూపిస్తూ చిన్నమ్మతో అంది, "కదలకు. దీని మూతి చూడు. దీని తల్లి లెక్క చేసినవంటే గిట్లనే పుడతది."

నేను అట్ట తీసుకొని వాకిట్లోకి నడిచాను.

"ఏందే, లోపటికి రా."

"చీలేది చీలనే చీలింది నాయనమ్మా. ఇంక నా మూతి ఏం చీలుతది? నీ రోకలి నిన్న గూడ నిలబడ్డది. నేను నిలబెట్టి చూసిన."

కాగితం మీద బుల్లి కొడవలి పడింది. సూర్యుడే... సగం పైగా కొరికేసిన సూర్యుడు. వేపచెట్టు నీడలో, ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగుతో, నేలంతా అవే కొడవళ్లు.

వెనక అమ్మ వచ్చింది. తల మీద కొంగు కప్పుకొని, "ఏది, చూపియ్యి," అంది. కాగితం తన చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. తర్వాత లోపలివాళ్లకు వినపడేటట్టు అంది.

"నేను ఏ వంకాయలు కోయలే బిడ్డా. ఆ దినం చాప మీద కట్టె లెక్క పడి ఉన్న. దూపైతే గూడ నీళ్లు తాగలే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అమ్మా?"

"చెప్పిన. నీ మూతి చూసినంక నా మాట ఎవలు ఇన్నరు?"

అమ్మ లోపలికి పోయి, కుండలోంచి నీళ్లు ముంచి, చిన్నమ్మను లేపి కూర్చోబెట్టి తాగించింది. గ్రహణం ఇంకా విడవలేదు. నాయనమ్మ రోకలి వైపు చూస్తూ కూర్చుంది. చచ్చేదాకా ఒప్పుకోలేదు గానీ, మా ఇంట్లో వంకాయల కథ మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పటి పిల్లలకు ఎన్నున్నాయో... ఫోన్లోనే గ్రహణం, నల్ల కళ్లద్దాలు, పెట్టెలో వచ్చే గ్రహాల బొమ్మలు, తాళం లేని గ్లోబులు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ మొన్నటి గ్రహణానికి మా పక్కింటివాళ్లు హాల్లో కూర్చొని ఫోన్లో గ్రహణం చూస్తూనే, కడుపుతో ఉన్న కోడల్ని చీకటి గదిలో పడుకోబెట్టారు. నేను నీళ్ల చెంబు పట్టుకొని వెళ్లి తలుపు కొట్టాను. తిట్టుకుంటే తిట్టుకోనీ...

మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు, చెయ్యని పనికి జన్మంతా మాట పడ్డ తల్లులు. వాళ్ల సంగతి కింద రాయండి... ఇక్కడైనా నలుగురు వింటారు.

ఈ కథ విన్న కొందరు నాతో జాలిగా అంటారు, పాపం, మీ అమ్మ నిజంగానే ఏమీ కోయలేదన్నమాట అని. కోయలేదు. గంపెడు వంకాయలు కోసి ఉన్నా, అది ఆమె తప్పు అయ్యేది కాదు.