ప్రాక్సిమా చుట్టూ ప్రదక్షిణ

సూర్యుణ్ణి పక్కన పెడితే మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా. దగ్గరంటే మరీ సంబరపడక్కర్లేదు, అక్కడి వెలుగు మన దాకా రావడానికి నాలుగేళ్ల పైచిలుకు పడుతుంది. మామూలు కంటికి కనబడదు. ఎర్రగా, మసగ్గా, నీళ్లు చల్లిన బొగ్గులా ఉంటుందట. దాని చుట్టూ ఒకటి రెండు గ్రహాలు ఖాయంగా ఉన్నాయంటున్నారు, ఇంకొకదాని మీద పేచీ నడుస్తోంది. ఇదంతా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పమని నన్నెవరూ అడగలేదు. సైన్స్ దినోత్సవానికి ప్రతి తరగతీ ఏదో ఒకటి చేసి చూపించాలని మా హెడ్మాస్టరు గారు హుకుం జారీ చేశారు. ఏటేటా అదే నిమ్మకాయ బ్యాటరీ చూసి చూసి విసుగెత్తి, దీన్ని నేనే కోరి నెత్తికెత్తుకున్నాను.

ఆ రోజుల్లో నాకు అన్నిటి మీదా విసుగే. మేము గోదావరి వైపు నుంచి జహీరాబాద్ వచ్చి పదమూడేళ్లయింది. మా ఆయన హైవే పక్కన ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మూడు నెలల పాటు నైట్ షిఫ్ట్ చూసుకోమని పైవాళ్లు అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు. ఆ మూడు నెలలు కాస్తా రెండేళ్లయ్యాయి. మొహమాటం ఆయనది, మోసింది ఇంటిల్లిపాదీ. పొద్దున నేను బడికి రాయికోడ్ బస్సు కోసం పరుగెత్తే వేళకు ఆయన లోపలికి వచ్చేవాడు. గుమ్మంలోనే సంసారం. పాప బాక్సు సర్దానని నేను, సరేనని ఆయన. సాయంత్రం నేను చాక్‌పీసు దుమ్ముతో ఇల్లు చేరేసరికి అప్పుడే లేచి, దిమ్ముగా, టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. నాకు ఒళ్లు వాలిపోయే వేళ ఆయనకు తెల్లవారేది. ఇద్దరం అలిసిపోయే ఉండేవాళ్లం, కానీ ఎప్పుడూ ఒకేసారి కాదు.

ఆ చలికాలంలో ఒక పొద్దున ఏడున్నరైనా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదింటికి మోచేయి గీరుకుపోయి, ప్యాంటు నిండా మట్టితో వచ్చాడు. చిరాగ్‌పల్లి దగ్గర బండి మీదే కునుకు పట్టి, రోడ్డు దిగి చెరుకు తోటలోకి పోయాడట.

"ఏం కాలేదుగా," అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఒకటే ధ్యాస. ఈయన్ని నైట్ షిఫ్ట్ నుంచి తప్పించాలి, మళ్లీ కునుకు పట్టేలోపే తప్పించాలి. మార్చమని అడగండి అంటే "అడుగుతాలే" అనేవాడు. అది వింటే నాకు ఒళ్లు మండేది. ఆ మంటంతా తీసుకెళ్లి బళ్లో పిల్లల మీద చూపించేదాన్ని, పాపం.

మా ప్రదర్శన చాలా చిన్నది. ఎర్ర చున్నీ కప్పుకున్న ఒకమ్మాయి మైదానం మధ్యలో నక్షత్రమై నిలబడుతుంది, ఇంకొకమ్మాయి గ్రహమై చుట్టూ తిరుగుతుంది. ఆ గ్రహం బహుశా ఎప్పుడూ ఒకే వైపును నక్షత్రానికి చూపిస్తూ తిరుగుతుందని శాస్త్రజ్ఞులు అంటారు. అది చూపిస్తే చాలు. మొదలుపెట్టు అన్నాను. గ్రహం కుడి భుజం లోపలికి పెట్టి, గుళ్లో నడిచినట్టు మెల్లగా, ఒద్దికగా ప్రదక్షిణ మొదలుపెట్టింది.

"అటు కాదు. భూమి తిరిగేది ఇటు. ఎడమ భుజం లోపలికి పెట్టి తిరుగు," అన్నాను.

ఆ పిల్ల నిలబడిపోయింది. "ఉల్టా తిరుగొద్దంటది టీచర్, మా నాయనమ్మ. పాపం తగుల్తదంట."

"సైన్సులో పాపం లేదు, తిరుగు."

తిరగలేదు. ఇంకొకరిని పిలిచాను, ఆ పిల్లా తల వంచుకుంది. మూడో పిల్ల అసలు ముందుకే రాలేదు. అందరినీ కసిరి క్లాసులోకి పంపేశాను. సాయంత్రం బస్సులో కూర్చుని, రేపు గట్టిగా చెప్పడానికి రుజువు కోసం ఫోన్‌లో వెతికితే తెలిసిందేమిటంటే, ఆ గ్రహం ఎటు తిరుగుతుందో ఇక్కడి నుంచి ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. మన భూమి ఎటు తిరిగితే లోకమంతా అటే తిరగాలనుకున్నాను. నా మీద నాకే చిరాకేసింది.

మర్నాడు తప్పు నాదేనని ఒప్పేసుకున్నాను. క్లాసు క్లాసంతా గోల. "మేం చెప్పలేదా టీచర్!" అని చెప్పనివాళ్లు కూడా అరిచారు. అక్కడ పదకొండు రోజులకే ఏడాది తిరిగిపోతుందంటే, "అయితే పదకొండు దినాలకోసారి పరీక్షలా? మాకొద్దు టీచర్ గా గ్రహం," అన్నారు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

గ్రహం పిల్ల మాత్రం నవ్వలేదు. నాలుగు చుట్లు తిరిగి ఆగింది. "నా కుడి దిక్కే లోపలికున్నది టీచర్. ఎడమ దిక్కు ఎన్నడు పొద్దు పొడవదా?"

"పొడవదు."

"మరి గా దిక్కున్నోళ్లు ఎట్ల బతుకుతరు?"

అక్కడ ఎవరూ లేరమ్మా అన్నాను. ఉంటే? అంది. ఎండా చీకటీ కలిసే చోట ఎప్పుడూ సందెవేళలా ఉండే సన్నటి పట్టీ ఒకటి ఉంటుందని, ఉంటే గింటే అక్కడ బతకొచ్చని చెప్పాను. ఆ పిల్ల, "గట్లయితే అందరు గాడికే రావాలె. కొందర్ని చీకట్ల ఇడిచిపెడితే ఎట్ల?" అంది. బెల్ కొట్టారు, బతికిపోయాను. కానీ ఆ మాట బస్సులో నాతో పాటే వచ్చింది. ఇంటికి వెళ్లి, కాళ్లు కూడా కడుక్కోకుండా, షిఫ్ట్ మార్చమని ఆయన తరఫున దరఖాస్తు నేనే రాశాను. చదివి సంతకం పెట్టాడు.

సైన్స్ దినోత్సవంలో బహుమతి నిమ్మకాయ బ్యాటరీకే వచ్చింది. ఆయన దరఖాస్తు కూడా అలాగే తిరిగొచ్చింది. వాళ్ల ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది, కాగితం మీద ఎక్కడా ఉండదు. నైట్ షిఫ్ట్ నుంచి తప్పుకోవాలనుకున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి తనే ఒప్పించి తెచ్చుకోవాలి. ఈయన వెళ్లి ఎవరిని ఒప్పిస్తాడు? నెల గడిచింది. నేను రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి బండి చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. చివరికి ఆయన దగ్గర పని నేర్చుకున్న మొగుడంపల్లి అబ్బాయి ఒకడు సరేనన్నాడు.

"వద్దులే," అన్నాడు మా ఆయన ఇంటికొచ్చి. "వాడికి పెళ్లయి రెండు నెలలు కాలేదు. నేనడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు."

"మీరూ కాదనలేకే కదా ఒప్పుకున్నారు," అన్నాను. "రెండేళ్లు చేశారు, చాలు. ఇప్పుడు వాడి వంతు. పేరు ఇచ్చేయండి."

ఆయన నా వంక చూసిన చూపు బాగాలేదు. ఆ మాట నా నోటితో నేనే అన్నాను, అలసటలో జారిందని చెప్పుకోను. తెలిసే అన్నాను. మర్నాడు పేరు ఇచ్చేశాడు. ఆ వారం నుంచి రాత్రిళ్లు ఆయన గురకకు నాకు నిద్ర పట్టేది కాదు. హాయిగా ఉండేది.

రెండు వారాల తర్వాత వారపు అంగడిలో అల్లం ఏరుకుంటుంటే, కొత్త మెట్టెలు పెట్టుకున్న ఒక అమ్మాయి దగ్గరకొచ్చింది.

"అక్కా, మీరు సూపర్‌వైజర్ సార్ వాళ్ల మేడమే గదా? సార్ జాగల ఇప్పుడు మా ఆయననే నైట్లకు పోతున్నడు."

గొంతులో కోపం ఉంటుందేమోనని చూశాను. లేదు. ఉంటే బాగుండేది.

"పగటి పూట ఎంత పండుకోవెట్టినా పండుకుంటలేడక్కా. కండ్లు ఎర్రగైతున్నయ్. సార్‌కు ఎన్ని దినాలకు అలవాటైంది?"

రెండేళ్లలో ఆయనకు ఒక్కరోజు కూడా అలవాటు కాలేదు. చేతిలో అల్లానికి అంటిన మట్టి దులిపాను.

"నెల రోజులు పట్టిందమ్మా," అన్నాను.

"నెలనేనా! అయితే ఇంక పదిహేను దినాలే," అని ఆ పిల్ల నవ్వి, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.