ఆమె గొంతుకు వీసా తీయలేదు

మా అక్క మస్కట్‌లో దిగే సమయానికి కోమాలో ఉంది. వారానికి ఆరు రోజులు వచ్చే ఒక సీరియల్‌లో ఆమె అత్తగారు. చెల్లెలి దగ్గరికి పోయి రావడానికి సెలవు అడిగితే, నిర్మాతలు కథలో ఆమెను మేడమెట్ల మీది నుంచి తోసి, ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి, ముఖం కనిపించకుండా కట్లు కట్టారు. ఇప్పుడు ఆ కట్ల కింద పడుకుంటున్నది వేరొక మనిషి. నటికి సెలవు ఇవ్వడానికి మన టీవీ రంగం కనిపెట్టిన ఏకైక విధానం అదే: మంచమైనా ఎక్కాలి, గోడ మీద దండ వేసిన ఫోటో అయినా కావాలి.

మస్కట్‌లో మేముండే దార్సైట్ పేటలో మా భవనం లిఫ్టు ఎక్కిన ప్రతి తెలుగు కుటుంబమూ అక్కను ఆపాదమస్తకం పరిశీలించి ఒకే ప్రశ్న అడిగేది. "కోమాలోంచి ఎప్పుడు లేస్తారండీ?" చేతిలో కూరగాయల సంచితో ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని అలా అడగడంలోని అసంబద్ధత ఒక్కరికీ తట్టలేదు. అక్క మాత్రం "డాక్టర్లు చెప్పాలండీ" అని మర్యాదగా నవ్వేది.

నా ఉద్యోగం కొలత పరికరాలను సరిచూడడం. అజైబాలోని మా ఆఫీసుకు కర్మాగారాల నుంచి పీడనమాపకాలు, ఉష్ణమాపకాలు వస్తాయి. ప్రామాణిక పరికరంతో పోల్చి, ఎంత తేడా ఉందో రాసి పంపుతాను. ఆ అలవాటు వల్ల అక్క నటజీవితాన్ని గురించి కూడా సినిమా పత్రికల భాషలో మాట్లాడలేను. జరిగింది ఇది. ప్రొద్దుటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళింది. మొదట కథానాయిక పక్కన నిలబడి ముసిముసిగా నవ్వే స్నేహితురాలు. ఆ తరువాత రెండు సినిమాలలో తానే కథానాయిక. పెళ్ళయిందని తెలిసిన మరుసటి ఏడాది నుంచి కథానాయకుడికి వదిన. ఆ తరువాత, ఒకప్పుడు తనతో పాటలో వానలో తడిసిన కథానాయకుడికే తల్లి. ఆయన ఆమెకంటే వయసులో పెద్దవాడు. ఈ లెక్క ఏ గణితంలోనూ కుదరదు, మన సినిమాలో మాత్రం కుదిరింది. అక్కడి నుంచి టీవీ: పట్టుచీరతో నిద్రపోవడం, వడ్డాణంతో వంట చేయడం, ఎవరో ఒక మాట అంటే ఇంట్లో అందరి ముఖాలనూ కెమెరా చుట్టి వచ్చేదాకా రెప్ప వేయకపోవడం.

ఇన్నేళ్ళలో తెరమీద ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడినట్టు కనిపించింది, అంతే. మొదటి సినిమా డబ్బింగ్ రోజున మైకు ముందు రెండు వాక్యాలు చెప్పించి, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారట. అది సీమ యాస. నాయిక నోట పలకరాదు. అదే యాస తొడగొట్టేవాడి నోట వస్తే వీరం, నీళ్ళబిందె ఎత్తుకున్న పనిమనిషి నోట వస్తే హాస్యం. తెలుగు ఒక్క ముక్క రాని ఉత్తరాది అమ్మాయికీ గొంతు అరువిస్తారు, తెలుగు తప్ప ఇంకొకటి రాని మా అక్కకూ అరువిస్తారు. ఇద్దరిదీ ఒకే లోపంగా లెక్క. సీరియల్‌లో ఆమెకు గొంతు ఇచ్చేది గోదావరి ప్రాంతపు ఒక డబ్బింగ్ కళాకారిణి. ఆమె పనితనం మీద నాకు ఆక్షేపణ లేదు. అదే సీరియల్‌లో పక్కింటి శత్రువుకు కూడా ఆమే చెబుతుంది. అంటే తన గొంతుతో తానే పోట్లాడి, తానే శపించి, తానే ఏడుస్తుంది. లక్షణంగా చెవులున్న జనం రోజూ అది విని కళ్ళు ఒత్తుకుంటారు.

అక్క ఈసారి మస్కట్‌కు వచ్చింది విశ్రాంతికి కాదు, ఒక జవాబు తేల్చుకోవడానికి. ఒక కొత్త దర్శకుడు కడప జిల్లాలో జరిగే కథను, చిత్రీకరణ సమయంలోనే మాటలు రికార్డు చేసే పద్ధతిలో తీయబోతున్నాడు. ఏదో షూటింగ్‌లో లైటు సరిగా పెట్టనివాణ్ణి అక్క తిడుతుంటే విని, ప్రధాన పాత్ర ఆమెనే వేయమన్నాడు, ఆమె గొంతుతోనే. తిరిగి వెళ్ళేలోపు అవునో కాదో చెప్పాలి. సీరియల్‌లో కట్లు ఎప్పుడు విప్పుతారో ఎవరికీ తెలియని పరిస్థితిలో, ఈ వయసులో ఒక నటికి ప్రధాన పాత్ర రావడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

"నేను నోరు తెరిస్తే నగుతారు మే" అనేది.

"నగనీ అక్కా. నగితే ఏం పోయింది?"

"నీకేం, నీ మీటర్లు నగవు."

సరిగ్గా అప్పుడు మా తెలుగు సంఘం అధ్యక్షుడు వచ్చాడు. సరుకు రవాణా కంపెనీలో మేనేజరు. మనిషిని చూసీ చూడగానే సన్మానించాలనే జబ్బు ఉన్నవాడు. మా సంఘానికి తెలిసిన కళాపోషణ ఒక శాలువా, ఒక గాజు జ్ఞాపిక, ఒక గుంపు ఫోటో. శాలువా కప్పించుకునేవారు మారుతుంటారు, కప్పేవారు మారరు. శుక్రవారం సాయంత్రం హాలు తీసుకున్నామనీ, అక్క వచ్చి రెండు మాటలు చెప్పాలనీ అడిగాడు. అక్క కాఫీ కలుపుతూ వంటింట్లో ఉంది. ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"సిస్టర్, మన సంఘం ప్రోగ్రాములకి మీరెలాగూ సౌండ్ చూస్తారు కదా. సీరియల్‌లో కోడల్ని గెంటేసే డైలాగ్ ఉంది చూడండీ, అది ప్లే చేద్దాం. మేడం గారు పెదవులు కదిపితే చాలు. రిస్క్ ఎందుకండీ?"

"ఏమిటి ఆ రిస్కు?"

"అంటే... జనాలు ఆ వాయిస్ కోసమే కదండీ వచ్చేది."

కాఫీ ఇచ్చిన మనిషిని పక్కన పెట్టి ఆవిరికి దండం పెట్టే రకం. ఆయన వెళ్ళాక ఈ మాట అక్కకు చెప్పాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. కాఫీ కప్పులు కడిగి బోర్లించింది. తరువాత తానే ఒక షరతు పెట్టుకుంది.

"శుక్రారం నా మాట నేనే మాట్లాడతా. నగకుండా ఇన్యారా, ఆ సినిమా చేస్తా. నగినారా, ఇంగ ఆ మాటెత్తొద్దు. నువ్వు మాత్రం ఆ డైలాగు ఏసేవు, సంపుతా."

ఒక హాలునిండా జనాన్ని తూకంరాయిగా ఎంచుకోవడం నాకు నచ్చలేదు. ఆ రాయి బరువు ఎంతో ముందు ఎవరూ సరిచూడలేదు కదా. కానీ ఆమెది నిర్ణయం, నాది మిక్సర్.

శుక్రవారం హాలు నిండింది. ముందు వరుసల్లో ఆఫీసు కుటుంబాలు, మధ్యలో సోహార్ కర్మాగారాల నుంచి కంపెనీ బస్సులో వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళు, వెనక గోడవారగా ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది మా కడపవాళ్ళే. అధ్యక్షుడు అక్కను పరిచయం చేస్తూ ఆమె వేయని మూడు పాత్రలు చెప్పి, వేసినవాటిలో ఒకదానికి వేరే నటి పేరు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు చూసి చెయ్యి ఎత్తాడు, డైలాగ్ వేయమని. నేను మైకు మీటను మాత్రం పైకి జరిపాను.

అక్క ఒకసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నా మొదటి సినిమా ప్రొద్దుటూరులో ఆడినబ్బుడు మాయమ్మను తీసకపోయినా. తెర మీద నేను నోరు తెరిచినా. మాయమ్మ హాలంతా ఇనపడేట్టు, 'ఏమ్మే, నీ నోట్లో ఎవురో కూసున్నారే!' అనె. గమ్మునుండుమా అంటే ఉండదు. 'నిన్ను కన్నది నేను, నీ గొంతు నాకు తెల్దా? ఎవురా యమ్మ? ఆ యమ్మకు అన్నమన్నా పెట్నారా?' అని."

నవ్వారు. అక్కడ నవ్వు న్యాయమే, కథే అలాంటిది. అక్క ముఖం కాస్త తేలికపడింది.

"ఇంటికొచ్చినంక మాయమ్మ ఏడ్సింది. బిడ్డ గొంతు ఎవురో ఎత్తకపోయినారని ఏడ్సింది. అన్నం తిన్లేదు."

అక్కడ ఇంకా పెద్దగా నవ్వారు. ఈలలు వేశారు. ముందు వరుసలో ఒకాయన తొడ కొట్టాడు, నిజంగానే. ఆ యాసలో ఏ మాట వచ్చినా ఏ చోట ఏమి చేయాలో సినిమాలు వాళ్ళకు ముందే నేర్పాయి. అర్థం వినడానికి వాళ్ళకు వ్యవధి లేదు. అక్క ఆగిపోయింది. ఆ ఖాళీలోకి అధ్యక్షుడు రెండో మైకుతో దూకాడు.

"వాహ్! మేడం ఇంత బాగా మిమిక్రీ చేస్తారని మాకెవరికీ తెలీదండీ! రాయలసీమ స్లాంగ్ అచ్చం దించేశారు! ఇప్పుడు మనందరి కోసం, మేడం ఒరిజినల్ వాయిస్‌లో ఒక్క డైలాగ్!"

అక్క ఆయనను చూసింది. ఆ చూపు కెమెరా కోసం నేర్చుకున్నది కాదు.

"ఒరిజినల్ వాయిస్సా సార్? ఆ యమ్మ హైదరాబాద్‌లో ఉండాది. మా చెల్లెలు నాకొక్కదానికే వీసా తీసింది, ఆ యమ్మకు తియ్యలేదు."

హాలు విరగబడి నవ్వింది. అధ్యక్షుడు అందరికంటే ఎక్కువ నవ్వాడు, తన మీదే అని తెలియక. ఆ నవ్వులోనే శాలువా కప్పాడు.

భోజనాల దగ్గర మా భవనంలోనే ఒక ఇంట్లో పనిచేసే కడప ఆమె అక్క చెయ్యి పట్టుకుంది. ఈమె ఒక్కతె అయినా అర్థం చేసుకుని ఉంటుందని నాకు ఆశ. "అక్కా, మన మాటలు అంతమందిలో మాట్లాడితే ఎట్లక్కా? సిగ్గయిపోయింది నాకు. సీరియల్‌లో మాదిరి మాట్లాడుండచ్చు గదా, ఎంత బాగుంటాది!" అంది. ఆ ఆశ పెట్టుకున్నందుకు నా మీద నాకే చిరాకు వేసింది. తనది కాని గొంతును మెచ్చుకోవడం అక్క ఒక్కదానికే నేర్పలేదు సినిమావాళ్ళు, జిల్లాకు జిల్లాకే నేర్పారు.

మా వృత్తిలో ఒక ప్రాథమిక సూత్రం ఉంది. ప్రామాణిక పరికరమే వంకరైతే, సరైన పరికరమే తప్పు చూపిస్తుంది. ఆ తేడాను తెచ్చి పరికరం మీద రాయకూడదు. ఇంటికి వస్తూ కారులో ఇది అక్కకు వివరించబోయాను.

"నీ మీటర్ల మాటలు నాకొద్దు" అంది. కాస్త దూరం పోయాక తానే మొదలుపెట్టింది. "నగినారు గదా?"

"నగినారు."

"నా మాటకు నగినారా, సినిమాలో సూసిన మాటకు నగినారా?"

ఆమె అడిగింది నన్ను కాదు.

"ఇన్నేండ్లు యాక్టింగ్ చేస్తే ఒక్కడు మెచ్చుకోల్యా. ఈ పొద్దు నా మాదిరి నేను మాట్లాడితే యాక్టింగ్ బాగుండాదంట! ఇట్లాటోళ్ళకా నేను బయపడిండేది?" శాలువా తీసి వెనక సీటులో పడేసింది. "థూ."

మరునాడు పొద్దున, మిక్సర్‌లో రికార్డయిన తన మాటలను దర్శకుడికి పంపమంది అక్క; నేను ఫోనులో తెరిచి, పంపేముందు నవ్వులు కోసేయనా అని అడిగాను. సాంకేతికంగా సులభమే. వద్దంది. అయితే, నువ్వు పెట్టుకున్న షరతు ప్రకారం వాళ్ళు నవ్వారు కనుక జవాబు 'కాదు' అని కదా ఉండాలి అన్నాను. నాకు నియమాలు ముఖ్యం. "షరతు పెట్టుకున్యప్పుడు వాళ్ళకు చెవులుంటాయనుకుంటి" అని, నా చేతిలోంచి ఫోను తీసుకుని, నవ్వులతో సహా ఆ దర్శకుడికి పంపింది. విన్న వెంటనే అతనే ఫోను చేశాడు.

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. "నమస్కారమండీ. ఆ, అవునండీ, నేను తప్పకుండా చేస్తానండీ..." అని మొదలుపెట్టింది, పరిశ్రమలో ఇన్నేళ్ళుగా అందరితో మాట్లాడే నున్నటి తెలుగులో. సగంలో ఆగింది. అవతల అతను "హలో, హలో మేడం, వినపడుతోందా?" అంటున్నాడు. అక్క ఫోనును చెవికి దూరంగా పట్టుకుని ఒకసారి ఊపిరి తీసుకుంది.

"ఇనపడతాంది సార్. చేస్తా అంటాండా. యాడికి రావల్ల, ఎబ్బుడు రావల్ల, అది చెప్పండి."