వదులైన క్లాంప్ కోసం బాన్సువాడ దాకా

పదకొండేళ్ల కిందట మా ప్రయోగశాలలో ఒక క్లాంప్, అంటే స్ఫటికాన్ని నొక్కి పట్టే బిగింపు, వదులుగా ఉందని నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ మాట చెప్పడానికే మొన్న బాన్సువాడ వెళ్లాను.

కాచిగూడలో ఉదయం ఏడింటికి రైలెక్కాను. కామారెడ్డిలో దిగి, ఇడ్లీ తిని, పదింటి బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో బీర్కూర్ వెళ్లే ఒక అవ్వ కూర్చుంది.

"ఏడికి సారూ?"

"నా దగ్గర చదివిన పిల్లవాడికి అన్యాయం చేశాను. ఒప్పుకుందామని."

"ఎన్నేండ్లాయె?"

"పదకొండు."

"ఇగ పిల్లగాడేడున్నడు? ఆయనకే పిల్లలు పుట్టుంటరు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ పిల్లవాడు మోహన్. ఒక తండా నుంచి వచ్చి నా దగ్గర పరిశోధనలో చేరాడు. ఇనుము, సెలీనియం కలిసిన స్ఫటికాన్ని బాగా చల్లబరిస్తే ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. విద్యుత్తు నిరోధం లేకుండా పారుతుంది. ఆ జంటల పట్టు అన్ని దిక్కులా సమానమని నా వాదన. ఒక దిక్కున గట్టిగా, అడ్డదిక్కున దాదాపు లేనట్టే ఉందని మోహన్ కొలిచి చూపాడు. చల్లబడే స్ఫటికంలో కొన్ని భాగాలు ఒక వైపు, కొన్ని మరో వైపు తిరుగుతాయి. క్లాంప్‌లో నొక్కి ఉంచితేనే అంతా ఒకే వైపు నిలుస్తుంది. లేకపోతే రెండూ కలిసిపోయి తేడా కనిపించదు.

నేను మళ్లీ కొలిచాను. సమానంగానే వచ్చింది. అతని పరిశోధనను పరిశీలించే కమిటీ ముందు అతని కొలత తప్పన్నాను. మర్నాడు స్ఫటికం తీస్తుంటే క్లాంప్ స్క్రూ వేలితోనే తిరిగింది. బిగించడం మరిచింది నేనే. అప్పటికే నా వాదనతో రాసిన వ్యాసం అచ్చుకు వెళ్లింది. నోరు మూసుకున్నాను. మోహన్ పరిశోధన మానేశాడు.

పన్నెండింటికి బాన్సువాడలో దిగాను. అతను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ బస్టాండుకు దగ్గరే. స్టాఫ్ రూంలో జొన్నరొట్టె తింటున్నాడు.

"కూసోండి సార్. తిన్నరా?"

విషయం చెప్పాను. రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"నాకెర్కే సార్. బిగిస్తే ఏడికొస్తదో గా స్క్రూ మీద గీత పెట్టిన. మీరు కొలిచేటప్పుడు మిషిన్ కిటికీ అద్దంల నుంచి చూసిన. గీత పక్కకుండె."

"మరి కమిటీలో ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్తరని చూసిన."

మిగిలిన రొట్టె డబ్బాలో పెట్టి లేచాడు.

"తప్పని పదిమందిల అన్నరు," అన్నాడు చేయి కడుక్కుంటూ. "ఒప్పని గీ రూంల, నా ఒక్కని చెవుల చెప్తుండ్రు." గంట మోగింది. క్లాసుకు వెళ్లిపోయాడు.

రెండింటి బస్సులో తిరుగుప్రయాణమయ్యాను. ఎవరైనా ఇటు రావాలనుకుంటే కష్టమేమీ లేదు, ఐదు గంటల దారి. నాకే పదకొండేళ్లు పట్టింది.

కామారెడ్డి ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని, నాటి కమిటీ సభ్యులందరికీ, నా వ్యాసం వేసిన పత్రికకూ, మోహన్‌కూ ఒకే ఉత్తరం ఫోన్‌లోనే రాసి పంపాను:

"మోహన్ కొలత సరైనది. క్లాంప్ బిగించనిది నేను. తెలిసీ దాచాను. నన్ను క్షమించమని మీ అందరి ముందు అతన్ని అడుగుతున్నాను."