ఎనభైలో నిలబడ్డ పద్మిని

ఊరుగాని ఊరు ఉధ్నాలో మరమగ్గాల మధ్య సగం జీవితం గడిపిన మనిషికి చెవులు సరిగ్గా పనిచేయవు. రాజనర్సుకు ఇనుము మాట్లాడితే వినపడుతుంది, మనుషులు మాట్లాడితే వినపడదు. ఈ మాట ఆయన భార్య చిన్నవ్వ అంటుంది, అదీ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని.

రాజనర్సు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన జాబర్. అంటే ఆగిపోయిన మరమగ్గాన్ని, వాళ్ల మాటలో సాంచెను, మళ్లీ ఆడించేవాడు. ఆయన పనిచేసిన సేఠ్ షెడ్డు మూసేస్తూ, మూలన పడి ఉన్న పాత పద్మిని కారును పాత ఇనుము కింద భంగారుకు వేయబోతుంటే, నాకియ్యండని అడిగి తోసుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాడు. గల్లీ అంతా నవ్వింది. ఏడాది తిరిగేసరికి కారు నడిచింది, నవ్వినవాళ్లే పెళ్లిళ్లకు అడగడం మొదలుపెట్టారు.

చిన్నవ్వ మాత్రం ఎక్కలేదు. వెనకటికి ఓసారి, స్కూటర్ బ్రేకు పట్టడం లేదని తెలిసి కూడా చెప్పకుండా ఆమెను వెనక కూర్చోబెట్టుకుపోయి కాల్వలో వేశాడు మహానుభావుడు. చెయ్యి విరిగింది, అతికింది. ఆనాటి నుంచి ఆయన తోలే బండి ఏదీ ఆమె ఎక్కలేదు.

ఇప్పుడు కూతురు జమున కాన్పుకు వచ్చి మూడో నెల నిండింది. తల్లీబిడ్డలను కోసాడ్‌లో అత్తగారింట్లో దింపి రావాలి. మనవరాలిని తన కార్లో తీసుకుపోవాలని రాజనర్సు ఆశ. మామూలు ఆశ కాదు, ఆ పిల్ల కళ్లు తెరవకముందే సీట్లకు కొత్త కవర్లు కుట్టించాడు. కానీ దారిలో పిల్లను ఎత్తుకునేది చిన్నవ్వ. ఆమె ఎక్కకపోతే ఎవరూ ఎక్కరు.

"నలభై దాటొద్దు. మీటర్ల ముల్లు నేను చూస్త," అంది చిన్నవ్వ. "ముల్లు సక్కగ లేకుంటే ఆటోల పోతం."

ముల్లు సక్కగా లేదు. బండి కదిలినా సున్నా దగ్గరే బద్ధకంగా పడుకునేది, ఉన్నట్టుండి అరవైకి ఎగిరేది, మళ్లీ వణుక్కుంటూ దిగేది. గేర్‌బాక్సు నుంచి మీటరు దాకా ఓ గొట్టం, ఆ గొట్టంలో తిరిగే తీగ ఒకటి ఉంటాయి. ఆ తీగ పట్టేస్తోందని రాజనర్సుకు వెంటనే తెలిసింది. తెలిసిన మనిషి ఊరుకుంటాడా! జాబర్‌కు కిర్రుమన్నదల్లా నూనె అడుగుతున్నట్టే ఉంటుంది. సాంచెలకు పోసే నూనె డబ్బా తెచ్చి, గొట్టం పైకొస ఊడదీసి, గుటగుటా తాగించాడు.

ముల్లు ముచ్చటగా లేచింది, ఒక్క పూట. మర్నాడు ముల్లు చూపిస్తానని చిన్నవ్వను పిలిచి ముందుసీట్లో కూర్చోబెట్టాడు. ఆమె తలుపేసుకుని, కొంగు సర్దుకుని మీటరు చూసింది.

"ఏందయ్యా, గింత జోరుగ పోతున్నం?"

"ఇంజనింకా చాలూ చెయ్యలే."

"ఎనభై అంటున్నది గదా."

నిజంగానే ఎనభై. కారు గల్లీలో నిలబడే ఉంది. పక్కన మేక ఒకటి ఆకులు నములుతోంది. చిన్నవ్వ ఎనభైలో పోతున్న బండిలోంచి నిదానంగా దిగి ఇంట్లోకి వెళ్లిపోయింది.

రాజనర్సు మీటరు ఊడదీసి పట్టుకుని, పాత మీటర్లు బాగుచేసే ఉమాకాంత్ దుకాణానికి పోయాడు. ఉమాకాంత్ అద్దం తీసి, లోపల మడుగు కట్టిన నూనె చూసి, ఆయన మొహం చూసి, మళ్లీ నూనె చూశాడు.

"చాచా, లూమ్ కా కామ్ కర్తే హో క్యా?" మగ్గాల పని చేస్తావా అని అడిగాడు.

"హా."

"దిఖ్ రహా హై." కనపడుతూనే ఉందన్నాడు ఉమాకాంత్.

తిరిగే తీగ మెలికల వెంబడి నూనె పైకి పాకి, మీటర్లో చేరి ముల్లును అంటించేస్తుందని చెప్పి, ఉమాకాంత్ మీటరు శుభ్రం చేసిచ్చాడు. తీగను పెట్రోలుతో కడిగి తుడిచి, కిందిభాగానికే పల్చగా గ్రీజు రాయాలి, పైభాగం పొడిగా వదలాలట. రాజనర్సు అంతా అలాగే చేశాడు. పొడిగా వదలడమే ఆయనకు ప్రాణసంకటమైంది. చెయ్యి మాటిమాటికీ నూనె డబ్బా వైపు పోతుంటే, డబ్బాను పక్కింటి సోమలింగానికిచ్చి దాచమన్నాడు.

ఆదివారం పొద్దున ముల్లు బుద్ధిగా లేచింది. చిన్నవ్వ వెనకసీట్లో పిల్లను ఒళ్లో పెట్టుకుని, మెడ చాచి మీటరు మీద కన్నేసింది. ముప్పై. ముప్పై అయిదు. తాపీ నది మీది వంతెన దాకా రెప్ప వేయలేదు. వంతెన మీద గాలికి పిల్ల లేచి ఏడ్చింది. చిన్నవ్వ తల వంచి పిల్లను జోకొట్టసాగింది. అప్పుడే డాష్‌బోర్డు లోపల టిక్కుమంది. పాత తీగ తెగి, ముల్లు సున్నాకు జారింది.

ఎవరూ చూడలేదు. జమున ఫోన్లో మునిగి ఉంది. వేగం సంగతి రాజనర్సుకు ఇంజను చప్పుడును బట్టే తెలుస్తుంది. నోరు మూసుకుని తోలితే ఆశ తీరిపోతుంది. వంతెన దిగగానే కారు పక్కకు ఆపాడు.

"తీగ తెగింది. ముల్లు పోయింది," అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఆటో ఆపుత, దిగుండ్రి."

"అరె బాపూ, వచ్చేసినం గదా!" అంది జమున.

చెయ్యెత్తకముందే ఆటో వచ్చి ఆగింది. ఆగిన కారు కనపడితే ఆటోవాళ్లకు ఎక్కడలేని ఆశ. రాజనర్సు దిగి డిక్కీలోంచి సారె డబ్బాలు ఒక్కొక్కటే తీయసాగాడు. ఏడుపొచ్చింది. ఈ వయసులో రోడ్డు మీద ఏడిస్తే బాగుండదని డబ్బాల వైపు వంగాడు.

"నాకు కనబడలే గదా," అంది చిన్నవ్వ కిటికీలోంచి. "ఎందుకు చెప్పినవ్?"

"పిల్ల ఉన్నది," అన్నాడు. ఇంకో డబ్బా దించి, "నువ్వున్నవ్," అన్నాడు.

ఎక్కడికి పోవాలి, కిధర్ జానా అని ఆటోవాడు అరిచాడు.

"కిధర్ భీ నహీ," ఎక్కడికీ లేదంది చిన్నవ్వ. పిల్లను జమున చేతికిచ్చి దిగింది. ముందుకొచ్చి, తలుపు తీసుకుని, డ్రైవరు పక్కసీట్లో కూర్చుంది.

"గా డబ్బలు లోపల పెట్టి రా," అంది. "నువ్వు తోలు. నేను తొవ్వ చూస్త."