లాంగ్ బెల్లు

పరుపులు కుట్టే ఆయన కూతురికి ఆరో తరగతిలో పేరు మారిపోయింది. హాజరుపట్టీలో కాదు, పిల్లల నోళ్లల్లో. ఇంట్లో పొద్దస్తమానం దూది ఏకుతుంటారు కాబట్టి ఎంత దువ్వుకున్నా జడలో నాలుగు పీచులు మిగిలిపోయేవి. పెద్దబడిలో చేరిన మొదటి వారమే వెనకబెంచీ పిల్ల ఒకతి అది చూసి, "ఏం అవ్వా, తల నెరిసిందే?" అంది. ఇక చూసుకోండి. అవ్వా, కర్రేదీ? అవ్వా, మెట్లు మెల్లగా ఎక్కు. అవ్వా, పళ్లు నీవేనా, కట్టించుకున్నావా? పిల్లలు దేవుళ్లతో సమానం అంటారు గానీ, ఆ అన్నవాళ్లెవరూ ఆరో తరగతిలో కొత్తగా చేరి ఉండరు.

చిన్నబడిలో ఒకటే గది, ఒకటే టీచరమ్మ. ఇక్కడ గంటకో కొత్త మొహం. లెక్కలకు ఒక గది, సైన్సుకు మేడమీద ఇంకో గది. ఒకరోజు తప్పు గదిలోకి వెళ్లి కూర్చుంది. తెలిశాక లేచి రావడానికి మొహం చెల్లక, పీరియడంతా ఏడో తరగతి పాఠం విని వచ్చింది. ఇంట్లో చెప్పుకుందామంటే అమ్మ దిండు గలేబులు కుడుతూ మిషను చప్పుడులో ఉంటుంది, నాన్న ముక్కుకు గుడ్డ కట్టుకుని దూదిలో మునిగి ఉంటాడు. "బడెలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనేది. వాళ్లూ అంతకుమించి అడిగేవాళ్లు కాదు.

నిజం చెప్పుకునేది కుక్కతోనే. దాని పేరు కాటుక. పేరుకు తగ్గ నలుపు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం చెవి కూడా కదిపేది కాదు, మహారాణి. అది వచ్చేది ఒక్క మాటకే: లాంగ్ బెల్లు. చిన్నబడి గేటు దగ్గర రోజంతా పడుకుని ఉండేది కదా, చివరి గంట మోగగానే పిల్లలందరూ "లాంగ్ బెల్లు" అని అరుస్తూ బయటపడేవాళ్లు. ఆ మాట వినబడితే తన పిల్ల వస్తుందని దానికి తెలిసిపోయింది. పెద్దబడికి బస్సులో వెళ్లాలి, కుక్క రాకూడదు. అందుకని అది వీధి మలుపులో కూర్చునేది. ఆ పిల్ల బస్సు దిగి మెల్లగా "లాంగ్ బెల్లూ" అంటే చాలు, పరుగున వచ్చి మీద పడేది. ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని రోజంతా జరిగింది దాని చెవిలో పోసేది. చెప్పాక, రేపు మళ్లీ వెళ్లగలను అనిపించేది. ఆ కుక్కే లేకపోతే ఆ పిల్ల మర్నాడు బస్సు ఎక్కేది కాదు.

ఇంతలో, నాన్న దగ్గర పరుపులూ దిండ్లూ చేయించుకునే లాడ్జివాళ్లు ఒక దిండు వెనక్కి పంపారు. తెల్లటి దూదిలో నల్లటి వెంట్రుక. నాన్న ఆ వెంట్రుకను వెలుతురులో పెట్టి చూసి, "ఏకు మేకై కూర్చుందే ఇది" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. దూది ఏకే ఆయన నోట ఏకు మాట రావడం ఆమెకు తమాషాగా తోచింది.

ఆ సాయంత్రమే నాన్న మొహానికి కట్టిన గుడ్డ విప్పి, మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్లకో.

"నేను పిలిస్తే రాదేమే ఇది? నువ్వేమంటావు?"

"నీ చేతిలో దూది కొట్టే కర్ర ఉంటుందిగా, భయం దానికి. కర్ర లేకుండా, లాంగ్ బెల్లూ అనాలి. గట్టిగా కాదు నాన్నా, చివర సాగదీయాలి."

నాన్న పలికి చూశాడు. ఆమె దిద్దింది. ఇంకోసారి పలికాడు. కాటుక లేచి వచ్చి ఆయన మోకాలు వాసన చూసింది. ఆ పిల్ల ఎంత సంబరపడిందంటే, వింటున్నాడు కదా అని అవ్వ సంగతి కూడా చెప్పేసింది. నాన్న ఆమె జడలోంచి పీచులు ఒక్కొక్కటే ఏరి పారేశాడు.

మర్నాడు మలుపులో కుక్క లేదు.

"ఎటో తిరగడానికి పోయుంటుంది, వచ్చేస్తుందిలే" అంది అమ్మ, మిషను మీంచి కాలు తీయకుండా. ఆ పిల్ల వీధులన్నీ లాంగ్ బెల్లూ అంటూ తిరిగింది. జనం వింతగా చూశారు. చివరికి కుక్క మీదే కోపం వచ్చింది. అది కూడా నన్ను వదిలేసింది అనుకుంది. బడిలో ఎవరైనా అవ్వా అంటే పలకడం మొదలుపెట్టింది.

వీధి మలుపులో సైకిలు షాపతను పాపం మంచివాడు, ఏమీ తెలియక చెప్పాడు. "కాటుకా? కట్టెల అడితి బండిలో పోయింది కదమ్మా. మీ నాన్న లాంగ్ బెల్లూ అనేసరికి ఏం పరుగు, ఏం పరుగు. గెంతి ఎక్కేసింది. ఎక్కాక అటూ ఇటూ చూసింది, నువ్వెక్కడున్నావా అని."

నమ్మించి గొంతు కోయడం అనే జాతీయానికి సొంతవాక్యం రాయమని తెలుగు మాస్టారు ఇచ్చిన వారమే అది. ఆ పిల్ల ఆ ఒక్కటీ రాయకుండా వదిలేసింది.

నా మాటతో ఎందుకు పిలిచావని నాన్నను అడిగితే నీళ్లు నమిలాడు. "లాడ్జి పని పోతే మనకు గడవదమ్మా. కర్రతో కొట్టి ఎక్కించడానికి మనసొప్పలేదు. నీ మాటతో అయితే సంతోషంగా ఎక్కుతుందని..." అమ్మ తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కుడుతూనే ఉంది. అంటే అమ్మకూ తెలుసు. పని పోతే గడవదన్నది నిజమే కావచ్చు. ఆ పిల్ల అడిగింది అది కాదు.

ఆదివారం నాన్న సైకిలెక్కించుకుని అడితికి తీసుకెళ్లాడు. దుంగల పక్కన కాటుక గొలుసుతో కట్టేసి ఉంది. ఆమెను చూసి తోక ఊపింది.

"పిలువమ్మా. నువ్వు పిలిస్తే వస్తుంది" అన్నాడు నాన్న.

ఆమె పిలిచింది. ఆ మాట వినగానే తోక ఆగిపోయింది. కాటుక చెవులు వెనక్కి వేసి, గొలుసు బిగుసుకునేదాకా వెనక్కి వెనక్కి జరిగి, దుంగల చాటున పడుకుంది. ఆమె పిలుపుకు, నాన్న పిలుపుకు తేడా ఏమిటో దానికెలా తెలుస్తుంది? తేడా లేకుండా పలకడం నేర్పింది ఆమే.

తిరుగుదారిలో నాన్న సైకిలు తొక్కుతూ, తల తిప్పకుండానే, ఎంతో మెత్తగా అడిగాడు.

"బడిలో ఇంకా అవ్వా అంటున్నారా?"

"చెప్పను."

"ఏం?"

"నీకేదైనా చెబితే, దాన్ని వాడుకుంటావు నాన్నా."

ఇల్లు వచ్చేదాకా ఆ పిల్ల నాన్న నడుము పట్టుకోలేదు, సీటు అంచు పట్టుకుని కూర్చుంది.